ఏం తిన్నవు అవ్వా?

పొద్దున్నే ఆ ఇంట్లో వినిపించేది పాలగిన్నె చప్పుడు, చిలుకమ్మ దగ్గు, అంతే. ఆ రోజు మాత్రం మేడ మీద నుంచి గర్రుగర్రుమని కొత్త చప్పుడొకటి మొదలైంది. చిలుకమ్మ మంచం మీద లేచి కూర్చుని పైకి చూసింది.

"ఏందే యమునా, నీళ్ల మోటరు గిట్ల ఖరాబైందా?"

"మోటరు కాదవ్వా, నీ కొడుకు. కాఫీ గింజలు తిప్పుతుండు" అంది కూతురు యమున టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ.

"మానుకోటల కాఫీపొడి దొరుకుతలేదా?"

"అందరికి దొరికేది తాగితే గొప్పోడెట్లయితడు?"

చిలుకమ్మ కొడుకు యుగేందర్ గొప్పవాడన్న సంగతి అతను స్వయంగా చెబితేనే అందరికీ తెలిసింది. తన పేరు కింద "సీరియల్ ఆంత్రప్రెన్యూర్" అని రాసుకుంటాడు. కొడుకు టీవీ సీరియళ్లు తీస్తున్నాడని చిలుకమ్మ చాలాకాలం వాడకట్టులో చెప్పుకుంది. అది నిజమై ఉంటే కనీసం ఆమె చూసి ఆనందించడానికి ఏదో ఒకటి ఉండేది.

మొదటి కంపెనీ జనగామలో, విత్తనాల దుకాణం మీది గదిలో పెట్టాడు. రైతు ఫోన్‌లో నొక్కితే పొలానికి ట్రాక్టరు వస్తుందన్నాడు. ట్రాక్టరున్న వాడి ఇంటి ముందు నిలబడి ఒక్క కేకేస్తే పనైపోయే ఊళ్లలో నొక్కే ఓపిక ఎవరికుంది? ఆ కంపెనీ మూతపడింది. రెండోది భూపాలపల్లిలో, బొగ్గుగనిలో పనిచేసే అక్క మొగుడు రామ్మోహన్ క్వార్టర్‌లో పెట్టాడు. గని షిఫ్టు దిగిన వాళ్లందరినీ ఫోన్ ద్వారా ఒకే ఆటోలో కలుపుతానన్నాడు. వాళ్లు అప్పటికే ఏళ్ల తరబడి ఒకే ఆటోలో కలిసి వెళుతున్నారు. రామ్మోహన్ ఆ మాట చెబితే, మీకు దూరదృష్టి లేదు బావా అన్నాడు.

కంపెనీ మునిగినప్పుడల్లా యుగేందర్‌కు ఒక కొత్త అభిరుచి పుట్టేది. జనగామది పోయాక సైకిల్ తొక్కడం, భూపాలపల్లిది పోయాక పిట్టల ఫొటోలు తీయడం. మూడో కంపెనీ మునగలేదు, అమ్ముడుపోయింది. ఆ సంబరంలో కాఫీ గింజలు, చన్నీళ్ల స్నానం, మౌనవ్రతం ఒక్కసారే పుట్టుకొచ్చాయి. మౌనవ్రతం గురించి అతను ఆపకుండా గంటసేపు మాట్లాడగలడు.

ఇప్పుడు అతని జీవితం మీద సినిమా తీయడానికి హైదరాబాద్ నుంచి మనుషులు వస్తున్నారు. దాన్ని ముందుగా జనగామలో ఒక కాలేజీ పిల్లలకు చూపిస్తారట, ఆ తర్వాత ఇతను వేదికెక్కి మాట్లాడతాడట. అందుకే భార్యనూ నగరాన్నీ వదిలి, సైకిల్‌ను కారులో వేసుకుని, అక్క ఇంట్లో ఉన్న అమ్మ దగ్గరికి వచ్చాడు. అమ్మ మీద ప్రేమ లేక కాదు. ఆ ప్రేమకు మంచి వెలుతురు కావాలి, అంతే.

చేతిలో కాఫీ కప్పుతో కిందికి దిగాడు. పట్టుచీర కట్టుకుని, బొట్టు దిద్దుకుంటున్న తల్లిని చూసి నుదురు ముడిచాడు.

"అమ్మా, ఆ చీర వద్దు. ఏదైనా పాతది కట్టుకో. కొంచెం చిరిగింది ఉంటే ఇంకా బాగుంటుంది."

"చిరిగిన చీరలు ఎప్పుడో స్టీలు గిన్నెలు అమ్మెటోనికి ఏసిన కొడుకా."

"పోనీ, వాకిట్లో ఇటుకలు పెట్టించాను. కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుతూ ఉండు. నా చిన్నతనం చూపించాలి కదా."

"నువ్వు బడికి పోకముందే మీ బాపు గ్యాసు తెచ్చిండు. నీ చిన్నతనంల నేను పొయ్యి ఊదుడు ఎక్కడ చూసినవ్?"

"అది కథ అమ్మా. కథలో కొంచెం పొగ ఉండాలి."

"ఆర్టీసీ కండక్టరు మొండయ్య కొడుకును అని చెప్పుకుంటే నామోషా?" అంది యమున. "నెల నెల జీతం వచ్చిన ఇల్లు. నిన్ను ఇంగ్లీషు బడికి పంపిన ఇల్లు. బాపు ఫొటోకు దండ మార్చినవా అంటే లేదు, ఇటుకలు మాత్రం తెచ్చినవ్."

యుగేందర్ చిరునవ్వు నవ్వాడు. కోపం వచ్చినప్పుడు గాలి లోపలికి తీసుకుని నవ్వాలని ఏదో శిక్షణలో నేర్చుకున్నాడు. "అక్కా, నువ్వు కూడా ఉండాలి. ‘మనక్క’ గొంతు నీదేనని చెప్పాలి. జనం ఏడుస్తారు."

‘మనక్క’ అంటే అతని మూడో కంపెనీ. ఫోన్ చేసి మనిషిలా మాట్లాడే మిషన్ అది. ఒక రాఖీ పండుగ నాడు, హైదరాబాద్‌లోని అతని ఇంట్లో యమున రాఖీ కట్టి అక్షింతలు వేశాక, "ఈసారి కానుక నువ్వియ్యాలె అక్కా, నీ గొంతియ్యాలె" అన్నాడు. పల్లెల్లో గర్భిణులకు, ముసలివాళ్లకు ఫోన్ చేసి ఆరోగ్యం అడిగే మిషన్ చేస్తానన్నాడు. ఇన్నేళ్లూ ఫోన్లలో, టీవీల్లో వినిపించిందంతా కోస్తా వాళ్ల భాషే, మన మాట వినిపిస్తే నవ్వడానికే వాడుకున్నారు, ఈసారి మన మాటే మందవుతుందన్నాడు. యమునకు కళ్లు చెమ్మగిల్లాయి. బయటి చప్పుడు పడకుండా బట్టల అలమరా పక్కన దుప్పటి కప్పుకుని, చెమటలు కారుతుండగా, అతను తెర మీద చూపించిన మాటలన్నీ చదివింది. "నువ్వు పేషెంట్లతోని ఎట్ల మొదలుపెడతవో గట్లనే అను" అంటే, "ఏం తిన్నవు అవ్వా?" అంది. ఆ మాట దగ్గర యుగేందర్ ఎగిరి గంతేశాడు. ఆ తర్వాత ఫోన్‌లో ఏదో చూపించి వేలు పెట్టమన్నాడు, ఆమె పెట్టింది.

"నాకు డ్యూటీ ఉన్నది" అంది యమున ఇప్పుడు. "నీ సినిమాల ఏడ్సెటోళ్లను వేరే చూసుకో."

ఆమె నర్సింహులపేట మండలంలో ఏఎన్ఎం, సర్కారు నర్సు. తండాల్లో, పల్లెల్లో ఆమెను సిస్టరమ్మ అంటారు. బయలుదేరే ముందు ఆ రోజు పరీక్షకు రావలసిన ఆడవాళ్లకు ఫోన్లు చేయడం ఆమె అలవాటు. ఫోన్ తెర మీద పేరు చదివేవాళ్లు అక్కడ తక్కువ. గొంతు విని గుర్తుపడతారు. యమున గొంతంటే ఆ చుట్టుపక్కల అంత నమ్మకం. ఆ సంగతి ఆమెకూ తెలుసు, కొంచెం గర్వం కూడా.

ముందుగా ద్వాళికి చేసింది. గుట్ట కింది తండా పిల్ల, తొలిచూలు, నెలలు నిండుతున్నాయి. మొగుడు సక్రు హైదరాబాద్‌లో కూలికి పోయాడు. పోయినసారి చూసినప్పుడు కాళ్లు వాచి ఉన్నాయి, బీపీ ఎక్కువగా ఉంది. వెంటనే మానుకోట పెద్ద దవాఖానకు రావాలని గట్టిగా చెప్పింది, కానీ ఆ పిల్ల రాలేదు. తండా ఆశా కార్యకర్త పుట్టింట్లో చావు పని మీద ఊరు దాటి పోయింది.

అవతల ఫోన్ ఎత్తారు. "ద్వాళీ, ఎట్లున్నవ్ బిడ్డా..." అనేలోగా పెట్టేశారు. మళ్లీ చేసింది. మళ్లీ పెట్టేశారు. ఇంకో ఇంటికి చేసింది. అక్కడా అంతే.

"లైను దొరుకుతలేదా?" అంది చిలుకమ్మ.

"దొరుకుతుంది, ఎత్తుతున్నరు. నేను నోరు తెరవంగనే పెట్టేస్తున్నరు. కొన్ని వారాల సంది గిదే కథ. ఏమైందో సమజైతలేదు."

"పల్లెల్లో నెట్‌వర్క్ అంతే అక్కా" అన్నాడు యుగేందర్ కాఫీ వాసన చూస్తూ.

అప్పుడే చిలుకమ్మ దిండు కింద ఫోన్ మోగింది. చెవులు సరిగా వినబడవు కాబట్టి ఆమె ఎప్పుడూ స్పీకర్ పెట్టుకుని, ఎదురుగా పట్టుకుని మాట్లాడుతుంది.

"ఏం తిన్నవు అవ్వా? పొద్దుగాల ఏమన్న కడుపుల వడ్డదా లేదా?"

అది యమున గొంతు. కానీ యమున వంటింటి గడపలో నిలబడి ఉంది, ఆమె నోరు మూసే ఉంది.

"ఇంకా తినలే బిడ్డా" అని అలవాటుగా జవాబిచ్చింది చిలుకమ్మ. తర్వాత తలెత్తి కూతుర్ని చూసింది. "గీడనే ఉండి ఫోన్‌ల మాట్లాడుడేందే?"

"మోకాళ్ల నొప్పులెట్లున్నయి? సుఖపాద నూనె రాస్తున్నవా? సీసా ఒడిసే యాళ్ల అయ్యింది, ఇంకోటి పంపియ్యనా?" అంది ఫోన్.

యమున ఒక్క అంగలో వచ్చి ఫోన్ లాక్కుంది. "ఎవరు నువ్వు?"

"నేను నీ బిడ్డ లెక్కనే అవ్వా. చెప్పు, ఇంకో సీసా పంపియ్యాల్నా?"

యమున ఫోన్ ఆపి మంచం మీద పడేసింది.

"ఎప్పటి సంది వస్తున్నయి అవ్వా గీ ఫోన్లు?"

"బతుకమ్మ పండుగ పోయినప్పటి సంది. దినాం చేస్తవు గద. అంటే... నువ్వే అనుకున్న." చిలుకమ్మ మంచం కిందికి చేయి చాపి నూనె సీసాలు ఒక్కొక్కటే బయటికి తీసింది. "గివి నువ్వే పంపుతున్నవనుకున్న. బిడ్డ పంపిన దానికి పైసలెందుకు అడుగుతున్నరా అనుకున్న గని, నిన్నడిగితే కసురుతవని ఊకున్న."

"నేను దినాం ఇంటికే వస్త గద అవ్వా! ఫోన్ చేసి ఏం తిన్నవని ఎందుకడుగుత?"

"అదే గద. ఇంట్ల ఎన్నడు అడగవు. అలిసి వస్తవ్, చిరచిరలాడుతవ్. ఫోన్‌ల మాత్రం మంచిగ అడుగుతుంటివి. దూరం పోతే తల్లి మీద పాణం గుంజుతదేమో అనుకున్న." ముసలామె గొంతు చిన్నదైపోయింది. "గా యాళ్లకు ఫోన్ కోసం ఎదురుచూస్తుంటి."

యమున ఆ మాటను అప్పుడు దిగమింగింది. అది తర్వాత ఏడవాల్సిన మాట. ముందు తమ్ముడి వైపు తిరిగింది.

"ఏందిర గిది?"

యుగేందర్ గాలి లోపలికి తీసుకున్నాడు. "చూడక్కా, కంపెనీ అమ్మేశాను. కొన్నవాళ్లు దాన్ని ఎలా వాడుకుంటారన్నది వాళ్ల వ్యాపారం. నీ సమ్మతి కూడా ఉంది కదా, వేలు పెట్టావు."

"రాఖీ కట్టిన చెయ్యితోని వేలు వెట్టిన. బీమారోళ్లకు మంచి చెప్పనీకె వెట్టిన. నూనె అమ్మనీకెనా?"

"నువ్వు ఎమోషనల్‌గా ఆలోచిస్తున్నావు. అసలు నీ ఉద్యోగంలో నీ గొంతు ఎంతమందికి చేరుతుంది? ఒక మండలం. ఇప్పుడు రాష్ట్రమంతా వింటోంది. నేను లేకపోతే నీ గొంతు ఎవరికి తెలిసేది?"

ఈ మాటతో యమున నవ్వింది. అంత ఏవగింపుతో ఆమె నవ్వడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. "అవును తమ్మీ, గొప్ప పని చేసినవ్. నీ ట్రాక్టర్లు నడవలే, నీ ఆటోలు నడవలే. నీ చేతుల పుట్టింది ఒక్కటన్న బతికిందా? బతికింది నా గొంతొక్కటే, ఎందుకంటే అది నువ్వు పుట్టించింది కాదు. నువ్వేందో తెలుసా? ఇంట్ల సామాను ఎత్తుకపోయి అమ్మెటోనివి. ఎత్తుకపోయేటప్పుడు ఇంగ్లీషు మాట్లాడుతవ్, గంతే ఫరక్."

గేటు దగ్గర కారు హారన్ మోగింది. సినిమా వాళ్లొచ్చారు. కెమెరా భుజాన వేసుకుని లోపలికి వచ్చిన రాకేశ్ అనే యువకుడు ముగ్గురి ముఖాలూ చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు. యుగేందర్ ముఖం మీదికి చిరునవ్వు స్విచ్ వేసినట్టు వచ్చేసింది.

"రండి రండి! ఇదే నేను పెరిగిన ఇల్లు."

యమున గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె ఆలోచన అప్పటికే తండాకు వెళ్లిపోయింది. అందరూ ఫోన్ ఎందుకు పెట్టేస్తున్నారో ఇప్పుడు అర్థమైంది. ద్వాళి ఎందుకు పెట్టేసిందో అర్థమైంది. ఆ వాచిన కాళ్లు కళ్ల ముందు కదిలాయి. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, పెట్టేసి, తమ్ముడి వైపు తిరిగింది.

"తమ్మీ, కారు తియ్యి. గుట్ట తండాకు పోవాలె. ఒక పిల్ల పాణం మీదికొచ్చినట్టున్నది."

"అక్కా, ఇప్పుడా? రెండు గంటలు ఆగు. వీళ్లు హైదరాబాద్ నుంచి వచ్చారు."

"ఆమె కడుపుల పిల్ల రెండు గంటలు ఆగుతదని నీ మిషన్ చెప్పిందా?"

"అంబులెన్స్ పిలువు."

"పిలిచిన. వేరే కేసు మీద పోయిందట, ఆలస్యమైతదట."

రాకేశ్ నెమ్మదిగా అడిగాడు. "సార్, ఇది తీయమంటారా?"

యుగేందర్ ఒక్క క్షణం ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. అది చిలుకమ్మ చూసింది. కొడుకు ఏం చేసినా ఇన్నేళ్లు మెచ్చుకుంటూ వచ్చిన తల్లి, పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని లేచి, వాకిట్లోకి నడిచి, పేర్చిన ఇటుకలను కాలితో తన్నింది.

"కారు తియ్యిరా. నువ్వు తియ్యకుంటె నేను నడిచిపోత. గప్పుడు తియ్యుమను గా పిల్లగాన్ని సినిమా, మొండయ్య పెండ్లాం రోడ్డు మీద నడుస్తుందని."

యుగేందర్ కారు తీశాడు. వెనక సీట్లు మడిచి పెట్టిన సైకిల్ ప్రతి గుంతలో కిర్రుకిర్రుమంది. ఒకటి రెండుసార్లు అతను "అక్కా" అన్నాడు. ఆమె కిటికీలోంచి పత్తి చేలను చూస్తూ కూర్చుంది.

తండాలో కారు ఆగేసరికి పిల్లలు చుట్టూ మూగారు. "నూనె సిస్టరమ్మ వచ్చింది! నూనె సిస్టరమ్మ!" అని అరిచారు. యమున అడుగు తడబడింది. ద్వాళి అత్త వాకిట్లోకి వచ్చి, ముందు తమ భాషలో ఏదో అని, తర్వాత తెలుగులో అందుకుంది.

"మళ్లొచ్చినవా? ఫోన్‌ల సతాయించింది సాలదా? ఒక్కతీరుగ నూనె నూనె అని పాణం తింటివి. సర్కారు జీతం సాల్తలేదా నీకు? మాకేం వద్దు, పో."

ఇన్నేళ్లలో ఆ తండాలో యమునను ఎవరూ పొమ్మనలేదు. అర్ధరాత్రి వచ్చినా, ఆ ఇళ్లలో మంచం వాల్చి కూర్చోబెట్టేవారు. ఆమె ఆ అత్తను పక్కకు జరిపి లోపలికి వెళ్లింది. యుగేందర్ గుమ్మంలో నిలబడిపోయాడు.

ద్వాళి నులక మంచం మీద పడుకుని కళ్లు చిట్లించి చూస్తోంది. ముఖం ఉబ్బి ఉంది. కాళ్లు ఉబ్బి, నూనెతో నిగనిగలాడుతున్నాయి. మంచం కోడు పక్కన సుఖపాద సీసా ఉంది.

"ఎవలు? కండ్లు మసకలయితున్నయి. తల పగిలిపోతుంది."

"నేనే బిడ్డా, యమునక్కను. దవాఖానకు రమ్మని చెప్పిన గద, ఎందుకు రాలేదు?"

"నువ్వే వద్దన్నవ్ గద సిస్టరమ్మా." ఆ పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు, అయోమయం ఉంది. "ఫోన్‌ల అడిగిన. కాళ్లు వాసినయి, దవాఖానకు రావాల్నా అని అడిగిన. ‘పరేషాన్ కాకు బిడ్డా, నూనె రాయి, తగ్గుతది’ అన్నవ్. దినాం రాసిన. మా అత్తకు కోపమొచ్చి ఇయ్యాల పొద్దుగాల ఫోన్ పెట్టేసింది."

యమున గుమ్మంలో ఉన్న తమ్ముడి వైపు చూసింది. ఆ చూపును యుగేందర్ చచ్చేదాకా మరిచిపోలేడు. అందులో కోపం లేదు. పురుగును చూసి పాదం పక్కకు జరిపేటప్పుడు మనిషి చూసే చూపు అది.

అతను కారు దగ్గరికి పరుగెత్తాడు. వెనక తలుపు తీసి, పసిబిడ్డలా తుడుచుకుంటూ తెచ్చుకున్న సైకిల్‌ను లాగి దారి పక్కన పడేశాడు. సీట్లు ఎత్తాడు. లోపలికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే, మంచానికి ఒక కొస పట్టాడు. అత్తా, యమునా, ఇరుగుపొరుగూ కలిసి పట్టి ద్వాళిని కారెక్కించారు. తిరుగుదారిలో "జర మెల్లగ, గుంతలున్నయి" అని యమున అన్నప్పుడల్లా "ఆఁ అక్కా" అన్నాడు. అంతకుమించి అతనికి భాష రాలేదు.

మానుకోట దవాఖానలో డాక్టరమ్మ బీపీ చూసి, వెంటనే ఇంజెక్షన్లు రాసి, ఆపరేషన్‌కు తీసుకుపోయింది. "ఇంకొంచెం ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవి, తల్లి కూడా దక్కేది కాదు. ఇన్నాళ్లు ఎందుకు తీసుకురాలేదు?" అని యమున మీదే కేకలేసింది. యమున తల వంచుకుని నిలబడింది. నూనె సంగతి చెప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గేసింది.

యుగేందర్ వరండా చివరికి వెళ్లి, కంపెనీ కొన్నవాళ్లకు వరుసగా ఫోన్లు చేశాడు. అమ్మకం నాడు భుజం మీద చేయి వేసి ఫొటో దిగిన పెద్దమనిషి ఎత్తలేదు. అతని కింది మనిషి సమావేశంలో ఉన్నానని సందేశం పెట్టాడు. చివరికి ఫిర్యాదుల నంబరుకు చేశాడు. ఒకసారి మోగగానే ఎత్తారు.

"ఏం తిన్నవు తమ్మీ?"

మగ గొంతు వినబడితే ‘తమ్మీ’ అని పిలవాలని ఆ మిషన్‌కు నేర్పించింది తనే. అక్క పిలిచినట్టే ఉండాలని, ఆ ఒక్క పిలుపును యమున చేత మళ్లీ మళ్లీ పలికించుకుంది తనే. చిన్నప్పుడు అమ్మకు జ్వరమొస్తే, బాపు డ్యూటీకి పోతే, బడి నుంచి రాగానే ఇదే గొంతు ఇదే మాట అడిగి కంచం పెట్టేది.

"పరేషాన్ కాకు తమ్మీ. నీ కష్టమేందో చెప్పు, నేనున్న గద" అంది ఫోన్.

యుగేందర్ అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చాడు. నవ్వు నేర్చుకున్న మనిషికి ఏడుపు నేర్పించిన వాళ్లెవరూ లేరు కాబట్టి, అది అందరికీ వచ్చినట్టే వికారంగా వచ్చింది. పక్కన కూర్చున్న వాళ్లు ఇతని వాళ్లెవరో పోయారనుకున్నారు.

యమున వచ్చి ఎదురుగా నిలబడింది. "ఎందుకేడుస్తవ్? ఈడ కెమెరా లేదు గద."

"అక్కా, నన్ను తిట్టు."

"తిడితే మారెటోనివైతె ఎప్పుడో మారుదువు."

"అమ్మనీకె గా కంపెనీల ఇంకేం లేకుండె అక్కా" అన్నాడు. పనిపడి కాకుండా అతని నోట మానుకోట మాట వచ్చి చాలా ఏళ్లయింది. "అందరికి చెప్పుకున్న, నా తెలివి కొన్నరని. కాదు. వాళ్లు మొదటి రోజే చెప్పిండ్రు, మిగిలిందంత చెత్త, గా గొంతొక్కటే కావాలె అని. నాకు తెలుసు. తెలిసే అమ్మిన. నీకు చెప్తే అమ్మనియ్యవని చెప్పలే."

లోపల నుంచి సన్నగా పసిపిల్ల ఏడుపు వినిపించింది. ద్వాళి అత్త లేచి నిలబడి చేతులు జోడించింది. కాసేపటికి నర్సు బయటికి వచ్చి, ఆడపిల్ల, బరువు తక్కువ, ఇద్దరికీ ప్రాణభయం లేదని చెప్పింది. యమున గోడను పట్టుకుని ఊపిరి వదిలింది.

"రేపటి సంది నా ఎంబడి రావాలె" అంది తమ్ముడితో. "ఇంటింటికి పోవాలె. ఫోన్‌ల మాట్లాడేది నేను కాదని నువ్వు చెప్పాలె. నేను చెప్తే నమ్మరు. నీ నోటితోని చెప్పాలె."

"చెప్త."

"ఇంగ్లీషు లేకుంట చెప్పాలె."

"చెప్త అక్కా."

మరునాటి నుంచి చెప్పాడు. మొదటి గడపలో "టెక్నాలజీ దుర్వినియోగం వల్ల" అని మొదలుపెడితే, యమున అతని మోచేయి గిల్లింది. "మా అక్క గొంతు నేను అమ్ముకున్న. ఫోన్‌ల మాట్లాడేది మిషన్. దాని మాట వినకున్రి" అని చెప్పాడు. కొందరు నవ్వారు, కొందరు ఉమ్మేశారు. నర్సింహులపేటలో ఒక పెద్దాయన అతన్ని ఎగాదిగా చూసి, "తోడవుట్టినదాని గొంతు అమ్ముకున్నోనివి నువ్వేనా? ఎట్లుంటవో చూద్దామనుకున్న" అన్నాడు. మరిపెడ దాకా ఆ పేరే ముందు నడిచింది. ఇన్నేళ్లలో పేరు కింద ఎన్ని బిరుదులు తగిలించుకున్నా, జనం గుర్తుపెట్టుకున్న బిరుదు అదొక్కటే. జనగామ కాలేజీలో ప్రసంగం రద్దయింది. ఎవరు రద్దు చేశారో అతను చెప్పలేదు. గొంతు వెనక్కి ఇప్పించాలని వకీలును పట్టుకుని తిరుగుతున్నాడు. అది ఎప్పటికి తేలుతుందో తెలియదు. ఫోన్లు మాత్రం ఇంకా మోగుతూనే ఉన్నాయి.

ఉపాయం చెప్పింది ద్వాళి అత్త. మనవరాలిని ఒళ్లో వేసుకుని ఊపుతూ, "ఫోన్ ఎత్తంగనే తిట్టు సిస్టరమ్మా. గా మిషన్‌కు తియ్యగ మాట్లాడుడే వస్తది. తిడితే నువ్వేనని తెలుస్తది" అంది. తండా అంతా నవ్వింది. యమునా నవ్వింది. అప్పటి నుంచి ఆమె ఫోన్ చేస్తే ముందు తిడుతుంది. "ఏమే, బుద్ధుందా, సూదికి ఎందుకు రాలే?" అంటుంది. అవతల వాళ్లు నిశ్చింతగా, "ఆఁ, చెప్పు సిస్టరమ్మా" అంటారు. తన మంచిమాటలన్నీ తమ్ముడు అమ్మేశాడు, ఫోన్‌లో తనకు మిగిలినవి తిట్లే. బస్సులో వస్తూ ఈ సంగతి ఆలోచిస్తే ఆమెకు నవ్వు ఆగి ఏడుపొచ్చింది. దిగమింగుకున్న అవ్వ మాట అప్పుడు పైకి తేలింది.

ఇంటికి చేరేసరికి చిలుకమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నూనె సీసాలు లేవు. ఆ నంబరు నుంచి ఫోన్లు రాకుండా యుగేందర్ చేసి పెట్టాడు. అప్పటి నుంచి పగలంతా ఇల్లు నిశ్శబ్దంగా ఉంటోంది. వంటింట్లో అతను దుకాణంలో కొన్న పొడితో చాయ్ కాస్తున్నాడు.

యమున బ్యాగు కింద పెట్టింది. చెప్పులు విడిచి, మంచం అంచున కూర్చుని, తల్లి కాళ్లను ఒళ్లోకి తీసుకుంది. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. సొంత మాటే అయినా నోట్లోంచి రావడానికి కష్టమైంది.

"ఏం తిన్నవు అవ్వా?"

చిలుకమ్మ చేయి ముందు దిండు కిందికి వెళ్లింది. ఫోన్ తీసి చూసింది. అది వెలగలేదు. తిప్పి చూసింది. తర్వాత మెల్లగా ఇటు తిరిగి, కూతురి ముఖాన్ని, కదిలిన పెదవులను చూసింది.

"నువ్వేనా?"

"నేనే అవ్వా." యమున కళ్లలోంచి నీళ్లు తల్లి పాదాల మీద పడ్డాయి. వంటింటి గుమ్మంలో గ్లాసులు పట్టుకుని యుగేందర్ ఆగిపోయాడు.

చిలుకమ్మ ఫోన్‌ను పక్కన పెట్టి, లేచి కూర్చుని, గొంతు సవరించుకుంది. పొద్దున జొన్నరొట్టె తిన్నానని, పగలు పప్పుచారులో ఉప్పెక్కువైందని, పెరుగు పుల్లగా ఉంటే సగం పారబోశానని, ఏదీ వదలకుండా చెప్పడం మొదలుపెట్టింది.